తాళం వాడిది... తిప్పలు మనవి!

కంప్యూటర్లోని ఫైళ్లన్నింటికీ తాళం వేసేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే దొంగలున్నారు. వాళ్లడిగే సొమ్ము చూసి గుండె గుభేలుమంటుంది. కానీ చాలాసార్లు అసలు నష్టంలో ఆ సొమ్ము ఓ మూలకు కూడా రాదు. మిగతా ఖర్చంతా ఎక్కడ పుడుతుంది? బ్యాకప్ ఉందని ధీమాగా ఉన్నవాళ్లకు కూడా తీరా అవసరం పడేసరికి అది ఎందుకు అక్కరకు రాకుండా పోతుంది?

ఓ ఆఫీసును ఊహించుకుందాం. హబ్సిగూడలో మెట్రో దిగి స్ట్రీట్ నంబర్ ఎనిమిదిలోకి నడిస్తే వరసగా టిఫిన్ సెంటర్లు, బట్టల కొట్లు, కోచింగ్ బోర్డులు. వాటి మధ్య ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఓ ట్యాక్స్ కన్సల్టెంటు. ఎనిమిది మంది సిబ్బంది. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లోని చిన్నచిన్న యూనిట్లు, చుట్టుపక్కల మందుల షాపులు, హార్డ్‌వేర్ కొట్లు... అన్నీ కలిపి వంద మంది దాకా ఖాతాదారులు.

ఆ రోజు ఎనిమిదో తారీఖు. పదకొండులోగా ఓ జీఎస్టీ రిటర్ను, ఇరవైలోగా మరొకటి వెయ్యాలి. అందరికంటే ముందొచ్చిన అమ్మాయి కంప్యూటర్ ఆన్ చేసింది. ట్యాలీ తెరుచుకోలేదు. ఎక్సెల్ షీట్లూ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని నాలుగక్షరాల తోకొకటి తగులుకుని ఉంది. డెస్క్‌టాప్ మీద మాత్రం నిన్నటిదాకా లేని చిన్న టెక్స్ట్ ఫైలు. ‘మీ ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, కాకపోతే తాళం వేశాం. 980 డాలర్లు కట్టండి. మూడు రోజుల్లో కడితే సగం తగ్గింపు’ అని దాని సారాంశం.

ఆఫీసు కల్పితమే కానీ, ఆ బేరం మాత్రం నిజం. ‘స్టాప్’ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలోని కంప్యూటర్లను, చిన్న ఆఫీసులను పట్టి పీడించినప్పుడు అచ్చంగా ఇదే రేటు, ఇదే డిస్కౌంటు! అది ఎక్కువగా ఎలా వచ్చిందంటే... డబ్బు పెట్టి కొనడమెందుకని డౌన్‌లోడ్ చేసుకున్న దొంగ సాఫ్ట్‌వేర్ల వెంట.

పోస్టు పెట్టెతో మొదలు

ఈ విద్య కొత్తదేం కాదు. ఇంటర్నెట్ ఇళ్లకు రాకముందే పుట్టింది. 1989లో జోసెఫ్ పాప్ అనే అమెరికా పరిశోధకుడు ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో వేలాది ఫ్లాపీలను పోస్టులో పంపాడు. ఆ ఫ్లాపీ పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లు కొన్నాళ్లు బాగానే పనిచేసి, తర్వాత ఫైళ్ల పేర్లు దాచేసి మొరాయించేవి. 189 డాలర్లు పనామాలోని ఓ పోస్టు బాక్సుకు పంపితేనే విముక్తి అని తెర మీద వచ్చేది. ఆ తాళం నాసిరకం కాబట్టి నిపుణులు ఇట్టే విప్పేశారు.

ఇప్పటి తాళాలు అలాంటివి కావు. బ్యాంకు లావాదేవీలను కాపాడే గణిత సూత్రాలనే దొంగలూ వాడుకుంటున్నారు. తాళం వేసే చెవి ఒకటి, తీసే చెవి మరొకటి. వేసేది మన కంప్యూటర్లోకి వస్తుంది, తీసేది వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అందుకే పాడైన హార్డ్‌డిస్క్ నుంచి డేటా బయటికి తీసిచ్చే రిపేరు షాపువాళ్లు కూడా దీని ముందు చేతులెత్తేస్తారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో ఎంత పనిమంతుడైనా సరే, డిస్కు విరిగితే అతికించగలడేమో కానీ సరిగ్గా వేసిన తాళాన్ని తీయలేడు. ‘మేం తీసేస్తాం’ అని ఎవరైనా గట్టిగా చెబితే, దొంగతో లోపాయికారీగా బేరమాడి కమీషన్ కలుపుకుంటున్నారేమోనని అనుమానించాల్సిందే.

పక్కూరి సంగతి కాదు

2017 మే 12న ‘వానాక్రై’ ప్రపంచం మీద పడింది. రెండు మూడు రోజుల్లో 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ అది పాకింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలోనూ కొన్ని పాత కంప్యూటర్లు చిక్కుకున్నాయి. చిత్రమేమిటంటే దానికి మందును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. అప్‌డేట్ చేసుకోని కంప్యూటర్లకూ, అప్‌డేట్లే ఆగిపోయిన పాత విండోస్‌లకూ తగులుకుంది.

హబ్సిగూడ వాసులకు ఇంకా దగ్గరి అనుభవం 2019 మే మొదటి వారంలో ఎదురైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని నాలుగు విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. హబ్సిగూడ సర్కిల్‌కు కరెంటిచ్చే దక్షిణ తెలంగాణ డిస్కమ్ కూడా అందులో ఉంది. బిల్లు చూసుకుందామంటే సైటు తెరుచుకోదు, ఫిర్యాదు చేద్దామంటే పేజీ రాదు. కారణం ర్యాన్సమ్‌వేర్. వైర్లలో కరెంటుకు ఏ ఢోకా రాలేదు. డేటాకు బ్యాకప్ ఉంది కాబట్టి పోయిందేమీ లేదని అధికారులు ప్రకటించారు.

మరుసటి ఏడాది అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ వంతు వచ్చింది. రష్యా కొవిడ్ టీకా స్పుత్నిక్‌ను మన దేశంలో పరీక్షించడానికి ఆ సంస్థకు అనుమతి వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. దాడిని పసిగట్టగానే డేటా సెంటర్ సేవలన్నింటినీ వేరుచేసి పెట్టింది కంపెనీ. అది ర్యాన్సమ్‌వేరేనని వారం తిరిగేలోగా మూడు నెలల ఫలితాల సందర్భంగా వెల్లడించింది. ‘వేరుచేసి పెట్టడం’ అంటే వినడానికి ఒక్క మాట. ప్రపంచమంతా మందులమ్మే సంస్థ తన కంప్యూటర్లను తానే ఆపుకోవడం అది.

2022 నవంబరు 23న దిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్లకు తాళం పడింది. దాదాపు 1.3 టెరాబైట్ల డేటా. దేశం నలుమూలల నుంచీ వచ్చే రోగులకు ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు, బిల్లులు అన్నీ చేతిరాతలోకి మారిపోయాయి. ఒకటి కాదు రెండు కాదు, రెండు వారాల దాకా అదే తంతు. చివరికి ఏది కాపాడింది? దాడి సోకని ఓ బ్యాకప్ సర్వర్. అందులోంచి ఈ-హాస్పిటల్ డేటా మొత్తాన్ని తీసి కొత్త సర్వర్ల మీద పెట్టామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

2024 జులై 31న మరో రకం దెబ్బ. చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ ర్యాన్సమ్‌వేర్ బారిన పడితే, ముందు జాగ్రత్తగా దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీశారు. దాంతో సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ లాంటి సేవలు ఆగిపోయాయి. మర్నాటికి సర్దుకుంది. తాళం పడింది ఒకరింట్లో, ఇబ్బంది పడింది వాళ్ల పేరు కూడా వినని ఊళ్లలో!

ఈ సంగతులన్నింట్లో ఓ విషయం గమనించారా? డేటా దొరికినచోట కూడా రోజులు పోయాయి. అసలు లెక్క మొదలయ్యేది అక్కడే.

అడిగింది గోరంత... అయ్యింది కొండంత

మన డిస్కమ్‌ల సైట్లు ఆగిన ఆ నెలలోనే, 2019 మే 7న, అమెరికాలోని బాల్టిమోర్ నగరపాలక సంస్థ కంప్యూటర్లకు తాళం పడింది. దొంగలడిగింది 13 బిట్‌కాయిన్లు. అప్పటి ధరలో సుమారు 76 వేల డాలర్లు. నగరం ఇవ్వనంది. నీటి బిల్లులు ఆగాయి, ఇళ్ల క్రయవిక్రయాలు నిలిచిపోయాయి, ఉద్యోగులకు ఈమెయిల్ లేదు. చివరికి నగరం వేసుకున్న అంచనా కోటీ 82 లక్షల డాలర్లు. అందులో దాదాపు కోటి డాలర్లు అన్నీ మళ్లీ కట్టుకోవడానికి, మిగతాది ఆగిపోయిన, ఆలస్యమైన రాబడి. అడిగినదానికి 200 రెట్లకు పైనే!

వానాక్రై మరీ విడ్డూరం. ఒక్కో కంప్యూటర్‌కు అది అడిగింది 300 డాలర్లు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులు ఒక్క పైసా కట్టలేదు. అయినా దాదాపు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మొత్తం నష్టం 9 కోట్ల 20 లక్షల పౌండ్లని అక్కడి ఆరోగ్యశాఖ లెక్కతేల్చింది.

కోట్ల డాలర్లంటే మనకు ఆనకపోవచ్చు. స్ట్రీట్ నంబర్ ఎనిమిదిలోని మన ఊహా ఆఫీసుకే వద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలరు 90 రూపాయలనుకుంటే, దొంగ అడిగింది 88,200. మూడు రోజుల్లో కడితే 44,100.

ఇప్పుడు రెండోవైపు. ఉన్న ఒక్క బ్యాకప్ మూడు నెలల కిందటిదనుకుందాం. కంప్యూటర్లన్నీ తుడిచి, విండోస్ నుంచీ మళ్లీ ఎక్కించి, పని మొదలుపెట్టేసరికి ఆరు పనిదినాలు పోయాయి. ఎనిమిది మందికి సగటున 25 వేల జీతం, నెలకు 26 పనిదినాలు. ఊరికే కూర్చున్న ఆ ఆరు రోజుల జీతం 46 వేలు. పోయిన మూడు నెలల పద్దులు మళ్లీ రాయాలి. వంద మంది ఖాతాదారులకు నెలకు 80 బిల్లుల చొప్పున చూసినా 24 వేల బిల్లులు. బిల్లుకు రెండు నిమిషాలైనా 800 గంటలు. అంటే ఒక మనిషికి వంద రోజుల పని. దాని విలువ 96 వేలు. ఇక ఆలస్యం రుసుము. పన్ను కట్టాల్సినవాళ్లు నెలసరి రిటర్ను గడువు దాటితే రోజుకు 50 రూపాయలు. అరవై మందికి పది రోజుల ఆలస్యమైతే 30 వేలు. పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే.

46, 96, 30... లక్షా 72 వేలు. దొంగ అడిగినదానికి దాదాపు రెట్టింపు. ఇందులో టెక్నీషియన్ ఫీజు లేదు, కొత్త డిస్కులు లేవు. ‘మా బిల్లులు మళ్లీ ఇమ్మంటారేంటండీ?’ అని విసుక్కుని ఫైళ్లు పట్టుకెళ్లిపోయే ఖాతాదారుడి లెక్క అసలే లేదు. అతనికిది చెప్పుకోవడమెలా అన్న సిగ్గు ఏ పద్దులోకీ రాదు.

కట్టేస్తే పోలా?

ఈ లెక్క చూశాక ఎవరికైనా వచ్చే ఆలోచన అదే. లక్షా 72 వేలు పోగొట్టుకునే బదులు 44 వేలు పారేస్తే సరి కదా! దొంగలు రేటు పెట్టేదే ఈ లెక్క తెలిసి.

కానీ కట్టినంత మాత్రాన ఆ లక్షా 72 వేలు మాయం కావు. 2021 మే 7న అమెరికాలో తూర్పు తీరానికి పెట్రోలు మోసే కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ కంప్యూటర్లకు తాళం పడింది. యాజమాన్యం 75 బిట్‌కాయిన్లు... అప్పట్లో 44 లక్షల డాలర్లు... కట్టేసింది. దొంగలు మాట తప్పలేదు, తాళం తీసే సాఫ్ట్‌వేర్ పంపారు. తీరా చూస్తే అది నత్తనడక నడిచింది! సంస్థ చివరికి తన బ్యాకప్‌ల మీదే ఆధారపడి పని నడుపుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అందులో 63.7 బిట్‌కాయిన్లను వెనక్కి లాక్కుందనుకోండి. అంత అదృష్టం అందరికీ పట్టదు.

పైగా తాళం తీసినా ఆ కంప్యూటర్‌ను నమ్మేదెలా? ఒకసారి లోపలికొచ్చినవాడు వెనక తలుపు తెరిచి పెట్టుకునే వెళ్తాడు. ఎలాగూ తుడిచి మళ్లీ ఎక్కించాల్సిందే. ఆరు రోజులు ఎలాగూ పోయేవే. డబ్బు కడితే తప్పేది మహా అయితే బిల్లులు మళ్లీ రాసే పని. అదీ ప్రతి ఫైలూ సరిగ్గా తెరుచుకుంటేనే. ఈమధ్య కాలంలో ఇంకో మెలిక కూడా చేరింది. తాళం వెయ్యడానికి ముందే డేటా కాపీ చేసుకుని, కట్టకపోతే బయటపెడతామంటున్నారు. దానికి మాత్రం బ్యాకప్ కూడా మందు కాదు.

ఘనాలో కరెంటు పోయింది!

కరెంటు కోతను తిట్టుకోని ఇల్లుండదు. కానీ ఓ కరెంటు కోత ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకా రవాణా సంస్థల్లో ఒకదాన్ని గట్టెక్కించింది.

2017 జూన్ 27. డెన్మార్క్‌కు చెందిన మెర్స్క్ ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్ తెరలు ఒకదాని తర్వాత ఒకటి నల్లబడిపోయాయి. దాని పేరు ‘నాట్‌పెట్యా’. మన ట్యాలీలాగా ఉక్రెయిన్‌లో పద్దులకు వాడే ఓ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ మెర్స్క్‌కు చెందిన ఒక కంప్యూటర్లో ఉండటమే పాపమైంది. అది కూడా 300 డాలర్లు అడిగింది కానీ, అంతా నటన. తీసే చెవి అసలు లేనేలేదు. ధ్వంసం చేయడమే దాని పని.

రేవుల దగ్గర కంటెయినర్ లారీలు మైళ్లకొద్దీ నిలిచిపోయాయి. ఏ పెట్టెలో ఏముందో, ఎక్కడికెళ్లాలో చెప్పేవాళ్లు లేరు. సర్వర్ల బ్యాకప్‌లు చాలావరకు ఉన్నాయి. కానీ ఒక్కటి లేదు. సంస్థలో ఎవరెవరు ఏ కంప్యూటర్లోకి వెళ్లొచ్చో చెప్పే సర్వర్లు... ఇంటి తాళాల గుత్తి లాంటివి... ప్రపంచవ్యాప్తంగా 150 దాకా ఉన్నాయి. ఒకదానికొకటి నకళ్లు. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది కదా అని వాటికి విడిగా బ్యాకప్ పెట్టలేదు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరనుకుంటారు? ఒకదానికి సోకింది అన్నింటికీ సోకింది.

ఆఫ్రికాలోని ఘనా ఆఫీసులో మాత్రం ఒక సర్వర్ బతికి ఉందని తేలింది. దాడి జరిగే సమయానికి అక్కడ కరెంటు పోయి, అది నెట్‌వర్క్‌లో లేకుండా పోయింది. అంతే! బ్రిటన్‌లోని నిపుణులకు ప్రాణం లేచొచ్చింది. నెట్ ద్వారా పంపుదామంటే రోజుల తరబడి పట్టేలా ఉంది. మనిషి చేత పంపిద్దామంటే ఘనాలో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. ఘనా ఉద్యోగి ఒకరు నైజీరియా దాకా విమానంలో వెళ్లి, విమానాశ్రయంలో మరో ఉద్యోగి చేతికి ఆ డిస్కు అందిస్తే, ఆయన దాన్ని లండన్‌కు మోసుకెళ్లాడు.

పది రోజుల్లో 4 వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లు, 2,500 సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించామని ఆ సంస్థ ఛైర్మన్ మరుసటి ఏడాది దావోస్ సదస్సులో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. పైసా దొంగకు ఇవ్వకుండానే.

ఘనా సర్వర్ చేసిన గొప్ప పనేమీ లేదు. తీగ ఊడి ఉంది. బ్యాకప్ గురించి ఇంజినీర్లు గంటలు గంటలు చెప్పేదాంట్లో సగం ఇదే.

నకలూ బ్యాకప్పూ ఒకటి కాదు

మన ఆఫీసుల్లో, ఇళ్లలో బ్యాకప్ అంటే ఏం చేస్తున్నాం? ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి కొని కంప్యూటర్‌కు తగిలించి, ఇక తీయం. కంప్యూటర్‌కు తాళం పడ్డప్పుడు అది ఆ డిస్కును కూడా మరో డ్రైవ్‌గానే చూస్తుంది. దానికీ తాళమే. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలుంటాయి కదా అంటారా... దొంగ లోపలికి రాగానే ముందు చెరిపేసేది వాటినే. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివాటిలో పెట్టుకున్నామంటే కొంత నయం. అయితే కంప్యూటర్లో ఫైలు మారితే అక్కడా మారుతుంది. తాళం పడ్డ ఫైలు పైకెక్కి మంచిదాని స్థానంలో కూర్చుంటుంది. పాత రూపాలను అవి సాధారణంగా 30 రోజుల దాకా ఉంచుతాయి. ఆలోగా గమనించి వెనక్కి తెచ్చుకోవాలి.

పెద్ద సంస్థల దగ్గరైతే దొంగలు ఇంకా ఓపిగ్గా ఉంటారు. లోపలికొచ్చాక రోజుల తరబడి సడిచప్పుడు లేకుండా తిరుగుతూ, బ్యాకప్ ఎక్కడుందో వెతికి, దాన్ని పాడుచేశాకే అసలు పని మొదలెడతారు. సోఫోస్ అనే భద్రతా సంస్థ 2024లో వెలువరించిన సర్వేలో, దాడికి గురైన సంస్థల్లో 94 శాతం తమ బ్యాకప్‌ల మీద కూడా ప్రయత్నం జరిగిందని చెప్పాయి. అలాంటి ప్రయత్నాల్లో 57 శాతం ఫలించాయి. బ్యాకప్ దక్కినవాళ్లకు కోలుకోవడానికైన ఖర్చు మధ్యస్థంగా మూడు లక్షల 75 వేల డాలర్లైతే, బ్యాకప్ కూడా పోయినవాళ్లకు 30 లక్షల డాలర్లు. ఎనిమిది రెట్లు!

దీనికి విరుగుడుగా అందరూ చెప్పే సూత్రం 3-2-1. మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. దీనికి పేరు తెచ్చింది కంప్యూటర్ ఇంజినీరు కాదు, పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్. పెళ్లి ఫొటోలు పోతే పెళ్లి మళ్లీ చెయ్యలేరుగా! ఫొటోగ్రాఫర్లకే ఆ బాధ బాగా తెలుస్తుంది. ర్యాన్సమ్‌వేర్ వచ్చాక ఆ సూత్రానికి ఘనా పాఠాన్ని కలుపుతున్నారు. ఒక కాపీకి ఏ తీగా తగలకూడదు.

మన ట్యాక్స్ ఆఫీసుకు ఇది ఎంత పని? ఏడేసి వేలవి రెండు డిస్కులు కొన్నారనుకుందాం... 14 వేలు. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకోటి. శనివారం సాయంత్రం తగిలించి, కాపీ అయ్యాక తీసేసి, యజమాని ఇంటికి పట్టుకెళ్లాలి. ఎప్పుడు దాడి జరిగినా ఒకటి బీరువాలో ఉంటుంది. మూడు నెలల పద్దులకు బదులు ఒక వారం పద్దులు రాసుకుంటే సరిపోతుంది. 24 వేల బిల్లుల స్థానంలో రెండు వేలు. ఇందులో కష్టమంతా డబ్బు కాదు, శనివారం సాయంత్రం. ఇంటికెళ్లే తొందర్లో ‘వచ్చేవారం చూద్దాంలే’ అనిపిస్తుంది. ఈ పని ఫలానావాళ్లదని పేరు రాసి గోడకంటించని ఆఫీసుల్లో మూడో వారానికే ఆగిపోతుంది.

అంతకంటే ఎక్కువ మంది మరిచేది ఇంకోటుంది. తిరిగి తెచ్చి చూడటం. కాపీ అయిందని తెర మీద పచ్చటి టిక్కు పడితే చాలనుకుంటాం. తీరా ఏడాది తర్వాత తెరిస్తే డిస్కు చచ్చి ఉంటుంది, పాస్‌వర్డ్ పెట్టినతను ఉద్యోగం మానేసి ఉంటాడు, ట్యాలీ డేటా ఉన్న ఫోల్డర్ అసలు ఎంపికే చేసి ఉండరు. ఏడాదికి రెండుసార్లైనా ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు పెట్టి, ఒక ఖాతాదారుడి పద్దులు తెరిచి, మొత్తం సరిపోయిందో లేదో చూడాలి. వాచీ చూసుకుంటూ మరీ. ఎందుకంటే తిరిగి తేవడానికీ సమయం పడుతుంది. క్లౌడ్‌లో 500 గిగాబైట్లు ఉన్నాయనుకోండి. సెకనుకు 50 మెగాబిట్ల ఇంటర్నెట్‌తో దించుకోవడానికి, ఎక్కడా ఆగకుండా వచ్చినా, 22 గంటలు. గడువు రేపైతే?

ఎన్‌జీఆర్ఐ అయినా... ఇల్లయినా...

హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ఆ రోడ్డు పొడవునా దేశానికి అక్కరకొచ్చే లెక్కలు పోగుపడి ఉన్నాయి. 1961లో మొదలైన ఎన్‌జీఆర్ఐ భూకంపాలను నమోదు చేస్తుంది. దాని పక్కనే జన్యువుల గుట్టు విప్పే సీసీఎంబీ. ట్యాక్స్ ఆఫీసు బిల్లులు తంటాలు పడి మళ్లీ పోగేసుకోవచ్చు. ఒకసారి వచ్చిపోయిన భూకంపం కొలతలు పోతే ఆ భూకంపం మళ్లీ రాదు.

ఇళ్లలోనూ అలాంటివి ఉంటాయి. అమెరికా నుంచి మనవరాలి తొలి అడుగుల వీడియో, కాలం చేసిన నాన్నగారి గొంతు. వీటికి రూపాయల్లో లెక్క కట్టలేం కాబట్టే దొంగ మన భయానికి ధర కడతాడు. నిజానికి కుటుంబానికి దక్కాల్సిన ఫొటోలు ఏరి పెట్టుకుంటే చాలా ఇళ్లలో ఒక్క డిస్కు నిండదు. రెండింటిలో నింపి, ఒకటి చెల్లెలింట్లోనో అత్తగారింట్లోనో పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకుంటే సరి.

ఇంత చేసినా, చెయ్యకపోయినా, ఓ పొద్దున్న తాళం పడనే పడిందనుకోండి. ముందుగా నెట్ కేబుల్ పీకెయ్యాలి, వైఫై ఆపెయ్యాలి, పక్క కంప్యూటర్లకు పాకకుండా. కంగారులో బ్యాకప్ డిస్కు తెచ్చి అదే కంప్యూటర్‌కు తగిలించడం చాలామంది చేసే పొరపాటు. ఉన్న ఆ ఒక్కదానికీ తాళం పడుతుంది! తెర మీది సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో గానీ ఫిర్యాదు చేయాలి. కంపెనీలైతే సంఘటన తెలిసిన ఆరు గంటల్లోగా కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 నుంచీ నిబంధన ఉంది. యూరప్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి 2016లో పెట్టిన ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటులో, ఇప్పటిదాకా దొరికిన తాళంచెవులు ఉచితంగా ఉంటాయి. మనకు పడ్డ తాళానికి చెవి ఉందేమో అక్కడ వెతకొచ్చు. ‘స్టాప్’ బాధితుల్లో కొందరికి 2019 అక్టోబరులో అలాగే దారి దొరికింది.

దొరక్కపోతే? డిస్కును ఫార్మాట్ చేయించకుండా, ఓ కవర్లో పెట్టి, తారీఖు రాసి బీరువాలో పడేయాలి. 2015, 2016ల్లో ‘టెస్లాక్రిప్ట్’ అనేది ఎంతోమంది ఫైళ్లకు తాళాలేసింది. 2016 మే నెలలో ఓ భద్రతా సంస్థ నిపుణుడు, బాధితుడిలా ఆ దొంగలకే సందేశం పెట్టి, అన్నింటికీ పనికొచ్చే తాళంచెవి ఇస్తారా అని ఊరికే అడిగాడు. వాళ్లు నిజంగానే దాన్ని తమ పేజీలో పెట్టేసి, క్షమించమని రాసి, దుకాణం కట్టేశారు. డిస్కు దాచుకున్నవాళ్ల ఫైళ్లన్నీ వెనక్కొచ్చాయి.